యాజ్–యాజా, లైకా?

ఇంగ్లిషువాళ్లు పోలిక చెప్పడానికి ఎక్కువగా వాడేవి 'యాజ్–యాజ్' (as…as), 'లైక్' (like) అనే ఈ రెండే. 'యాజ్ కూల్ యాజ్ ఎ కుకుంబర్' (కీరదోసకాయంత చల్లగా) అంటే ఎంత టెన్షన్‌లోనైనా నిబ్బరంగా ఉన్నాడని. ఇక్కడ గుణం ముందే చెప్పేస్తారు. మాటల్లో మొదటి యాజ్ తరచూ ఎగిరిపోతుంది. ఇందులో అబద్ధాలూ ఉన్నాయి. 'బ్లైండ్ యాజ్ ఎ బ్యాట్' అంటారు గానీ గబ్బిలాలకు చూపుంది. 'క్లియర్ యాజ్ మడ్' అయితే పచ్చి వెటకారం: బురదంత స్పష్టంగా ఉందట, అంటే ఒక్క ముక్కా అర్థం కాలేదని! నాకు ఈ రకమే సరదా.

'లైక్' ఎక్కువగా క్రియ వెంట వస్తుంది. 'స్లెప్ట్ లైక్ ఎ లాగ్' మన 'మొద్దులా నిద్రపోయాడు'కి అచ్చం జోడీ. ఇంగ్లిషులో గుర్రంలా తింటున్నాడంటే తెగ తింటున్నాడని, పిట్టలా అంటే కొంచెమేనని. ఇక్కడ ఎంత అన్నది మాటల్లో చెప్పరు, వినేవాడే ఊహించుకోవాలి.