52 మిల్లీమీటర్ల కన్ను వల: ఏళ్ళ తరబడి వాడాక

భీమిలి వైపు ఫైబర్ బోటు మీద కానాగంతల (మాకరెల్ చేపల) వేటకి నేను వేసేది 52 మిల్లీమీటర్ల కన్నున్న నైలాన్ వల. కన్ను అంటే వల ముడుల మధ్య ఉండే రంధ్రం. కవ్వళ్ళకి (సార్డిన్ చేపలకి) 34 కన్ను వల వేరే ఉంది. రెండూ ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానినవే. కన్ను కుదిరితేనే వేట కుదురుతుంది, పొడవూ దారమూ ఆ తర్వాతే.

చేప తల దూరుస్తుంది, మొప్పలు దాటాక ఒళ్ళు ఇరుక్కుంటుంది, వెనక్కి పోబోతే దారం మొప్పల కింద పట్టేస్తుంది. 52 అనేది కన్నుని సాగదీసి కొలిచింది కాబట్టి చుట్టుకొలత దానికి రెట్టింపు, 104 మిల్లీమీటర్లు. నడుం అంతకన్నా కాస్త లావున్న చేపే బిగుస్తుంది. సన్నది దూరి వెళ్ళిపోతుంది, మరీ పెద్దది మూతి తగిలి పక్కకి తిరుగుతుంది. అందుకే వల ఎత్తితే కానాగంతలన్నీ దాదాపు ఒకే సైజు, అన్నిటికీ మెడ దగ్గర ఒకేలా దారం గీత.

34 వల కవ్వళ్ళకి సరైనదే. దాన్నే కానాగంతల గుంపు మీద వేస్తే పడేవన్నీ పిల్లలు. బుట్ట నిండుతుంది గానీ రేవులో పాటకి పెడితే ధర పలకదు, చివరికి మేత మిల్లుకి పోతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేసుకుని కూర్చునేది చేపలు గుడ్లు పెట్టి పెరగాలనే కదా! తర్వాత వెళ్ళి ఆ పిల్లల్నే ఊడ్చుకొస్తే ఎంత అన్యాయం! కేరళలో 2015లోనే కానాగంత 14 సెంటీమీటర్లు, నూనె కవ్వళ్ళు 10 సెంటీమీటర్లు లేనిదే పట్టకూడదని పెట్టారు. మన రేవుల్లోనూ అలాంటి కొలత గట్టిగా అమలు కావాలి.

52తో ఇబ్బందులు లేకపోలేదు. కవ్వళ్ళు వచ్చిన రోజు ఖాళీగా లేస్తుంది. కోనెం లాంటి పెద్ద చేప తగిలితే పళ్ళతో కోసేస్తుంది, దానికి వంద పైన కన్ను, మందం దారం ఉన్న వల వేరే ఉండాల్సిందే. పై తాడుకి మరీ వదులుగా కట్టినా కన్ను పనిచేయదు. చేప ఇరుక్కోకుండా చుట్టుకుంటుంది, చిన్నదీ పెద్దదీ పీతా కలిసి వస్తాయి, విడదీసేసరికి పొద్దెక్కుతుంది. గాజులా కనిపించే ఒంటి దారం వల తేట నీళ్ళలో ఇంకా బాగా పడుతుంది, కానీ చిరిగితే అల్లుకోవడం కష్టం. నేను పోగులు పేనిన నైలాన్ దారం వలకే ఉండిపోయాను.

మర బోట్లు వెనక లాక్కెళ్ళే ట్రాల్ వలలో చూడాల్సింది చేపలు చేరే చివరి సంచి కన్ను. డైమండ్ కన్ను బరువు పడగానే సాగి మూసుకుపోతుంది, పిల్ల చేప బయటపడలేదు. చదరపు కన్ను లాగుడులోనూ తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దాన్నే వాడమంటోంది.

కొనేటప్పుడు కొలత ఎలా చెబుతున్నారో అడగండి. కొందరు ముడి నుంచి పక్క ముడికి చెబుతారు, కొందరు కన్ను సాగదీసి ఎదురు ముడికి చెబుతారు. ఒకే వల ఒక షాపులో 26, ఇంకో షాపులో 52. నేను రాసినవన్నీ సాగదీసిన కొలతలు. షాపులోనే వరసగా పది కళ్ళు సాగదీసి, టేపు పెట్టి, పదితో భాగించి చూసుకోండి.