గంటల లెక్కన నిద్ర: కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు కాప్సూల్ గది

మా అమ్మాయి పెర్త్‌లో ఉంటుంది. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లినప్పుడల్లా టెర్మినల్ 2లోని కాప్సూల్ హోటల్లోనే ఆగుతున్నాను. మామూలు గదులకు బదులు, మనిషి పడుకునేంత చిన్న అరలు ఒకదాని మీద ఒకటి ఉండే హోటల్ అది.

అక్కడ నాకు ప్రాణం లేచొచ్చేది గంటల లెక్కతోనే. మూడు, ఆరు, పన్నెండు గంటలు. ఎంత కావాలో అంతకే డబ్బు. మామూలు హోటళ్లలో మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి వెళ్లినా అప్పటి నుంచే మన గంటలు మొదలు. స్నానం చేసి, నడుం వాల్చి, తేరుకుని విమానం ఎక్కొచ్చు. ఇనుప కుర్చీల్లో రాత్రంతా కూర్చున్నవాళ్లకు దీని విలువ తెలుసు.

అయితే నిద్ర చెడగొట్టేదీ ఆ గంటల లెక్కే. పోయినసారి అప్పుడే కునుకు పట్టింది, పక్క అరలో ఫోన్ అలారం మొదలైంది. ఆవిడేమో స్నానానికి వెళ్లింది, ఫోన్ పరుపు మీదే ఉంది. పరాయి మనిషి తెర తీసి ఫోన్ ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కింది అర పెద్దావిడ, ఎదుటి అర అమ్మాయి, నేను తలలు బయటపెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. చివరికి ఆ అమ్మాయే లేచి స్నానాల గదుల దాకా వెళ్లి పిలిచింది. ఆవిడ తడి జుట్టుతో పరుగున వచ్చి అందరికీ క్షమాపణ చెప్పుకుంది. కోపం పోయింది గానీ నిద్ర మళ్లీ రాలేదు.

1979లో ఒసాకాలో మొదటి కాప్సూల్ హోటల్ తెరిచారు. ఊళ్లో హోటల్ కాబట్టి అక్కడ దాదాపు అందరూ రాత్రి పడుకుని పొద్దున్నే లేచేవాళ్లే. ఎయిర్‌పోర్టులో ఎవరి రాత్రి వాళ్లది. ఒకరు పడుకునే వేళకు ఇంకొకరు పెట్టె సర్దుతుంటారు. చెవుల్లో పెట్టుకునే దూది లేకుండా ఇప్పుడు నేను వెళ్లను.

ఒంటరిగా ఉండి, మధ్యలో ఏడెనిమిది గంటలు దొరికితే మళ్లీ అక్కడికే పోతాను. మావారు వెంట ఉంటే మాత్రం మామూలు గదే తీసుకుంటాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి, పై అర వస్తే నిచ్చెన ఎక్కలేరు.

ఇంకో మాట. ఆ హోటల్ ఇమిగ్రేషన్ దాటాక బయట ఉంది. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకు మలేషియా వీసా అడగడం లేదు కాబట్టి బయటికి రావచ్చు, కానీ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. తిరిగి లోపలికి వెళ్లే క్యూలు కూడా లెక్కేసుకుంటే, నాలుగైదు గంటలే ఉన్నవాళ్లు లోపలే ఉండిపోవడం మేలు.