క్యూ మీది కోణాలు: అతికినవి మేలా, పొదిగినవి మేలా?

బిలియర్డ్స్‌లో బంతిని కొట్టే కర్రను క్యూ అంటారు. దాని వెనుక సగంలో, చేతిపట్టు దగ్గర మొదలై ముందుకు సన్నబడుతూ పోయే పొడవాటి కోణాలు ఉంటాయి. ఆటగాళ్లు వీటిని పాయింట్లు అంటారు. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపించినా, వీటిని చేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. రెండు చెక్కలను వేళ్లలా ఒకదానిలో ఒకటి దూర్చి అతికేది పూర్తి స్ప్లైస్. ముందు చెక్కలో ఏటవాలు గాడులు కోసి కోణాలను అమర్చేది సగం స్ప్లైస్. గుంట తవ్వి అందులో కావలసిన ఆకారాన్ని పొదిగేది ఇన్‌లే. ఏది మేలో తేల్చాలంటే, ఇవి ఏ అవసరం కోసం పుట్టాయో ముందు చూడాలి.

తొలినాళ్లలో బంతిని మేస్ అనే కర్రతో, దాని చివరనున్న వెడల్పాటి తలతో నెట్టేవారు. బల్ల అంచుకు ఆనుకున్న బంతి ఆ తలకు అందక, కర్రను తిప్పి సన్నటి కొసతో కొట్టే అలవాటు వచ్చింది. అందులోంచే క్యూ వేరుపడింది. 19వ శతాబ్దంలో క్యూ కొసకు బంతిని తాకే తోలు టిప్ వచ్చి, బంతిని స్పిన్ చేయడం ఆటలో భాగమయ్యాక, క్యూ తూకం కీలకమైంది. ముందు భాగానికి నార (చెక్కలోని పోగులు) తిన్నగా ఉన్న మేపుల్ లేదా ఆష్, వెనుక భాగానికి బరువైన ఎబొనీ లేదా రోజ్‌వుడ్ వాడసాగారు. ఈ రెండింటినీ కొసకు కొస అంటిస్తే నిలవదు, ఎందుకంటే అడ్డంగా కోసిన చెక్క ముఖం జిగురును గట్టిగా పట్టదు. నార వెంబడి ఏటవాలుగా కోసిన పొడవాటి ముఖాలు కలిస్తేనే అతుకు బలంగా ఉంటుంది. అంటే మొదటి పాయింట్లు అలంకారం కోసం గీసినవి కావు, అతుకు రేఖలే బయటికి అలా కనిపించాయి. అమెరికాలో బ్రన్స్‌విక్ కంపెనీ టైట్‌లిస్ట్ క్యూలు ఈ పూర్తి స్ప్లైస్‌తో చేసినవే. షికాగోకు చెందిన హెర్మన్ రాంబో వాటిని మధ్యకు కోసి, జాయింట్ అమర్చి, పేరున్న ఆటగాళ్లకు రెండు ముక్కల క్యూలుగా మలిచి ఇచ్చాడు.

సగం స్ప్లైస్‌కు గౌరవం తెచ్చినవారిలో జార్జ్ బాలబుష్క ముఖ్యుడు. 1912లో రష్యాలో పుట్టి అమెరికా చేరిన ఆయన, 1959లో బ్రూక్లిన్‌లో క్యూల తయారీ మొదలుపెట్టి 1975లో మరణించేదాకా కొనసాగించాడు. తొలుత టైట్‌లిస్ట్ కర్రలనే వాడుకున్నా, తర్వాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ చేసిన స్ప్లైస్ కర్రలను తీసుకున్నాడు. ఇలాంటి క్యూను దగ్గరగా చూస్తే పనితనం తెలుస్తుంది. ఎబొనీ కోణం చుట్టూ రంగులద్దిన పల్చటి చెక్క పొరలు, అంటే వెనీర్లు, తరచుగా నాలుగు, ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. మొన దగ్గర రెండు వైపుల పొరలూ ఏ రంగుకు ఆ రంగు చీలిక లేకుండా కలవాలి. గాడి వాలు చాలా తక్కువ కాబట్టి, తరిణె మీద కర్ర వెంట్రుకవాసి పక్కకు జరిగినా, ఆ తేడా పాయింటు పొడవులో ఎన్నో రెట్లు పెరిగి కంటికి కనిపిస్తుంది. నాలుగు పాయింట్లూ ఒకే ఎత్తున ఆగాయంటే, కర్ర నడుమ గీత ఎక్కడా తప్పలేదన్నమాట. తప్పు దాచుకోవడానికి చోటివ్వని ఈ లక్షణమే నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చుతుంది.

ఇన్‌లే వేరే తరహా విద్య. నమూనా గీతను అనుసరించి చెక్కే పాంటోగ్రాఫ్ యంత్రం, ఆ తర్వాత కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రం వచ్చాక, ముత్యపు చిప్ప, వెండి, రంగురంగుల చెక్కలతో పూలు, పక్షులు, అల్లిక గీతలు సైతం క్యూ మీదికి ఎక్కాయి. స్ప్లైస్ ఇవ్వలేని స్వేచ్ఛ ఇది, దీన్ని చిన్నచూపు చూడడం అన్యాయం. అయితే తిరిగే కట్టర్ పదునైన లోపలి మూలను తవ్వలేదు కాబట్టి, పొదిగిన పాయింటు మొన కొద్దిగా గుండ్రంగా ఉంటుంది. కొందరు దాన్ని కత్తితో చేత్తో పదును చేస్తారు. ఏనుగు దంతం ఒకప్పుడు ఇష్టంగా వాడిన పదార్థమే గానీ, ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారంపై 1989లో నిషేధం నిర్ణయమైంది, అమెరికా 2016లో తన నియమాలను మరింత బిగించింది. అందువల్ల దంతం పొదిగిన పాత క్యూను దేశం దాటించడం చిక్కుతో కూడిన పని.

ఇప్పటిదాకా చెప్పినవి పూల్ ఆట క్యూల సంగతులు. స్నూకర్ క్యూల దగ్గర ఈ గుర్తులు తారుమారవుతాయి. అక్కడ చేతి స్ప్లైస్ చేసేవారు ఆష్ కర్రను నాలుగు వైపులా ఏటవాలుగా చిత్రిక పట్టి, ఎబొనీ పలకలు అంటించి, మళ్లీ గుండ్రంగా చెక్కుతారు. చదును ముఖం గుండ్రటి కర్రను కలిసేచోట వంపు తిరగడం సహజం గనుక, చేతిపని పాయింటు మొన గుండ్రంగా ఉంటుంది. యంత్రంతో చేసిన స్ప్లైస్‌లోనే పదునైన సూది మొనలు వస్తాయి. కాబట్టి గుండ్రటి మొన చూసి పూల్ క్యూను తక్కువ చేసేవారు, అదే చూపుతో స్నూకర్ క్యూను అంచనా వేస్తే మంచి వస్తువును వదులుకుంటారు.

రోజూ ఆడేవారికి నా సలహా సాదా స్ప్లైస్ క్యూ, అది పూర్తిదైనా చేతిదైనా సరే. దెబ్బ తీరును ఎక్కువగా నిర్ణయించేది షాఫ్టు (క్యూ ముందు సగం), టిప్, తూకమే కాబట్టి, అలంకారం కోసం వాటిలో రాజీ పడనవసరం లేదు. అందం కూడా కోరుకునేవారికి వెనీర్లున్న సగం స్ప్లైస్‌నే ముందు చూపుతాను. బొమ్మలు, కథనాలు ఇష్టపడే సేకర్తలకు ఇన్‌లే తప్ప మరో దారి లేదు. వార్నిష్ కింద పాయింట్ల బొమ్మ అతికించిన చవక క్యూలు నేర్చుకునేవారికి చాలు, కానీ వాటిని స్ప్లైస్ ధరకు కొనకూడదు. కొనేముందు క్యూను వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ, పాయింట్ల ఎత్తులు సమానంగా ఉన్నాయో లేదో, వెనీర్ల మందం మొన దాకా మారకుండా సాగిందో లేదో చూడాలి. పొదిగిన ఆకారం అంచున నల్లటి జిగురు గీత మందంగా కనిపిస్తే, గుంట కొలత కుదరలేదని గ్రహించాలి.