ఊరి చివరి చిన్న బడా, తరగతికో టీచరున్న పెద్ద బడా?

మా వైపు తల్లిదండ్రుల ముందు ఇప్పుడున్న ప్రశ్న ఇదే. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. పిల్లలు 20 దాటని చోట తరచూ ఒక్కరే దిక్కు.

ఆ ఒక్క మేడమ్ పని నేను చూశాను. బోర్డు మధ్యలో సుద్దముక్కతో గీత. ఇటు ఒకటి, రెండుకి గుణింతాలు, అటు నాలుగు, ఐదుకి భాగహారాలు. మూడో తరగతి వాళ్లు చూచిరాత రాస్తుంటారు. మధ్యలో హాజరు యాప్, కోడిగుడ్ల లెక్క. పాఠానికి మిగిలే టైమెంత? కానీ ఏ పిల్ల ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. మిరప కోతలకు అమ్మ వెళ్తే చెల్లిని చూసుకునేది ఆ పిల్లే.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వచ్చిన ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు. చదువు వరకు నా ఓటు వీటికే. ఐదో తరగతి పిల్లాడికి రోజంతా ఐదో తరగతి పాఠమే దొరుకుతుంది. చిక్కల్లా దూరమే. ప్రైవేటు బడి వ్యాను ఇంటి ముందే ఆగుతుంది, ఇక్కడికి ఆటోకో, నడకకో పెద్దవాళ్లు తోడు కావాలి.

మార్కులు పోల్చేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ఫీజు కట్టగలిగినవాళ్లు వెళ్లిపోయాక చిన్న బడిలో మిగిలేది ఎక్కువగా కూలీల పిల్లలు, అమ్మమ్మల దగ్గర పెరిగేవాళ్లు. ఇంట్లో హోంవర్క్ చూసేవాళ్లే ఉండరు. ఆ సగటును పెద్ద బడి సగటు పక్కన పెట్టి మేడమ్‌ని నిలదీస్తే ఎలా?