జిర్కానా, రాతిపొడా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే అనంతపురం, కడప పిల్లల ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "సార్, మన నైస్ రాళ్లలో పాత మాంటిల్ జాడ పట్టాలంటే జిర్కాన్లు ఏరి హాఫ్నియం చూడాలా, రాయంతా పొడి చేసి సమేరియం-నియోడిమియం చూడాలా?" నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయి. మాంటిల్ అంటే భూమి పైపెచ్చు కిందున్న మందపాటి పొర. జిర్కాన్ రాళ్లలో దొరికే చిన్న ఖనిజపు గింజ. హాఫ్నియం, సమేరియం, నియోడిమియం మూలకాలు.

పొడి చేయడం సుఖం. జిర్కాన్‌కైతే రాయి నలగ్గొట్టి, బియ్యంలో రాళ్లు తీసినట్టు జాలించి, బరువు ద్రవంలో ముంచి, అయస్కాంతంతో వేరు చేసి, చివరికి మైక్రోస్కోపు కింద ఒక్కో గింజా ఏరాలి. మెడ పట్టేస్తుంది. పొడి వెనకున్న సూత్రం కూడా గట్టిదే. మాంటిల్ కొంత కరిగినప్పుడు నియోడిమియం ఎక్కువగా ద్రవంతో వెళ్లిపోయి ఖండంలో చేరుతుంది, సమేరియం పాలు కింద మిగిలినదాంట్లో పెరుగుతుంది. సమేరియంలో ఒక రకం మెల్లమెల్లగా నియోడిమియంగా మారుతుంటుంది కాబట్టి ఈ జంట గడియారంలా పనిచేస్తుంది.

నేను మాత్రం ఒక్కటే అడుగుతాను. రాయి పుట్టాక ఆ గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదని నమ్మకమేంటి? కెనడాలోని అకాస్టా నైస్‌నే తీసుకోండి. దాని జిర్కాన్లు 403 కోట్ల ఏళ్ల దాకా వయసు చెప్తాయి. అదే రాళ్ల పొడిలో కొలతల్ని చుక్కలుగా పెట్టి, మూర్‌బాత్ అనే భూశాస్త్రవేత్త బృందం గీసిన వయసు గీత 1997లో సుమారు 337 కోట్లే చూపింది. అరవై కోట్ల ఏళ్లకు పైగా తేడా! అది రాయి పుట్టిన రోజు కాదు, తర్వాతెప్పుడో వేడికి నలిగి గడియారం మళ్లీ మొదలైన రోజు అన్నారు వాళ్లు. అలాంటి పొడితో 400 కోట్ల ఏళ్ల వెనక్కి లెక్క వేస్తే, మాంటిల్ అప్పటికే రకరకాలుగా విడిపోయినట్టు కనబడుతుంది. పాపం, మాంటిల్‌కు ఏమీ తెలీదు.

జిర్కాన్ గట్టి పిండం. పుట్టేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. తర్వాత లోపల కనబడే సీసం ఆ యురేనియం మారి పుట్టిందే, దాన్నిబట్టే వయసు. హాఫ్నియంగా మారే లుటీషియం బాగా తక్కువ కాబట్టి హాఫ్నియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు వేరైన రకాలు) పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉండిపోతాయి. వయసూ, మాంటిల్ జాడా ఒకే గింజలో దొరుకుతాయి. కాకపోతే నడిమి గర్భం, తర్వాత పెరిగిన అంచు రెండింటి మీదా వయసు కొలిచే లేజర్ పడితే ఎవరిదీ కాని వయసొకటి వస్తుంది. ముందే గింజల లోపలి పొరలు ఫొటో తీసుకోండి.

వజ్రకరూరు కింబర్లైట్ (లోతు నుంచి వజ్రాలు మోసుకొచ్చే రాయి) సంగతా? అది పైకొచ్చి 110 కోట్ల ఏళ్లే. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లకు ఆశ పెడుతుంది గానీ మీ ప్రశ్నకు అంతగా అక్కరకు రాదు. పెన్నా ఇసుకలో జిర్కాన్లు దొరుకుతాయి, తల్లిరాయి ఏదో తేలదు.

రామగిరి నల్లరాళ్ల దగ్గర నా వాదం చెల్లదు. అవి ఒకప్పటి బసాల్టులు, జిర్కాన్ దొరకడమే అరుదు. అక్కడ పొడే గతి. గరుసుగా మారిన పైపొర వదిలేసి, రోడ్డు కోసిన చోట తాజా రాయి తీసుకోండి, తెల్లటి కాల్సైట్ చారలున్న ముక్కలు పారేయండి. ఒకసారి చిన్న చారే కదా అని ఊరుకున్నా. ఐదు చుక్కల్లో రెండు గీతకు ఎక్కడో దూరంగా పడ్డాయి.