జటప్రోలుకు అవ్వను తీసుకెళ్ళాం, సన్నాయిని కూడా

ముందే చెప్పేస్తున్నా, కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో బోటు షికారు చేసి ఫోటోలు దిగి వద్దామనుకునేవాళ్ళకు ఇందులో సగమే పనికొస్తుంది. మేం వెళ్ళింది వేరే పని మీద. మా అవ్వకు ఎనభై దాటాయి, రెండేళ్ళుగా ఒకటే మాట, "ఒక్కసారి జటప్రోలు చూపియ్యి బిడ్డా, మళ్ళ అడగ." చూపిద్దామంటే కృష్ణ ఒడ్డున ఆమె కాపురం చేసిన పాత ఊరు లేదు కదా, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. 1980ల మొదట్లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మా తాత వచ్చిన పరిహారం పట్టుకుని షాద్‌నగర్‌కు వచ్చి సెలూన్ పెట్టుకున్నాడు. అంతకుముందు మావాళ్ళది గుడి మేళం. క్షవరాలు చేసిన చేత్తోనే సన్నాయి పట్టేవాళ్ళు. మేళానికని ఇచ్చిన ఇనాం భూమి చెక్క కూడా ఊరితోపాటే మునిగింది.

అవ్వ, నాయన, చిన్నాయన, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, ఒక ఇన్నోవా. ఏప్రిల్ చివర్లో బయల్దేరాం, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్. జడ్చర్ల దాకా హైవే కాబట్టి చెప్పేదేం లేదు. కారు విషయంలో మాత్రం ఒక మాట, రాత్రి బస ఉంటే డ్రైవర్ బత్తా ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. మేం నోటిమాట మీద వెళ్ళాం, తిరుగు ప్రయాణంలో లెక్క మారిపోయింది, అవ్వ ముందు గొడవెందుకని నాయన ఇచ్చేశాడు.

మొదటి రాత్రి సోమశిలలో. నీళ్ళ ఒడ్డునే కాటేజీ అని ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాను, కిటికీ తెరిస్తే కృష్ణమ్మే అన్నట్టుంది ఆ ఫోటో. అది వానాకాలంలో తీసినదని అక్కడికి వెళ్ళాక అర్థమైంది. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు, ఎండాకాలంలో అది బాగా దిగిపోతుంది, దాంతోపాటే ఇక్కడి నీళ్ళూ దూరం జరుగుతాయి. మా కిటికీ ఎదురుగా నెర్రెలు బారిన ఒండ్రు, అవతలెక్కడో నది. తప్పు నాదే, నెల చూసుకోలేదు. కానీ రాత్రి రెండు గంటలు కరెంటు పోతే జనరేటర్ వేయకపోవడం, గదికి పన్నెండు మెట్లున్నాయని ఫోన్‌లో చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. అవ్వను నేనూ చిన్నాయనా కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్ళాం.

సోమశిలలో నచ్చింది లలితా సోమేశ్వరాలయం. అదీ ముంపు నుంచి తరలించి కట్టిన గుడే. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు. బోటు మీద అరగంట పిల్లలతో నేనొక్కణ్ణే తిరిగొచ్చాను, లైఫ్‌జాకెట్లు చెమట కంపు కొడుతున్నాయి, అయినా అడిగి మరీ తొడుక్కోండి. అవతలి గట్టున సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోటు, వేపమొద్దు లింగం, ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉండి ఎండాకాలంలో బయటపడే గుడి. వెళ్ళాలని చాలా ఉండింది, అవ్వను వదిలి వెళ్ళలేక ఊరుకున్నాం. ఒడ్డున వేయించి ఇచ్చే చేపలు బాగుంటాయి, ధర మాత్రం నూనెలో వేయకముందే అడగండి.

రెండో రాత్రికి కొల్లాపూర్ వచ్చేశాం. బస్టాండ్ దగ్గర మామూలు లాడ్జి, గోడలకు పెచ్చులు లేచాయి, కానీ కింది గది ఇచ్చారు, బాత్రూంలో నీళ్ళకు ఇబ్బంది లేదు, అవ్వకు ఉక్కపోస్తుందంటే ఓనరే వరండాలో నులకమంచం వేయించాడు. నన్నడిగితే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని కొల్లాపూర్‌లోనే దిగండి. దిగితే మాధవస్వామి గుడి వదలొద్దు. మంచాలకట్టలో ఉండేది, ముంపు వల్ల ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. గోడల చుట్టూ కేశవ నామాల ఇరవై నాలుగు మూర్తులు, నాయన ఒక్కొక్కటీ పేరుతో చెబుతుంటే మా పాప వేళ్ళ మీద లెక్కపెట్టింది. మామిడి సీజన్ కావడంతో డిక్కీలో మిగిలిన జాగా అంతా బంగినపల్లి నింపుకున్నాం.

మర్నాడు పొద్దున పెంట్లవెల్లి మీదుగా జటప్రోలు. పల్లెటూరి గుడి కదా, పొద్దెక్కితే తాళం పడుతుంది, అందుకే ముందురోజే పూజారిగారికి ఫోన్ చేసి పెట్టుకున్నాం. మదనగోపాలస్వామి ఆలయం. ఇదీ రాయి రాయీ విప్పి కొత్త ఊళ్ళోకి తెచ్చి పేర్చిందే. చంద్రికాపరిణయం అనే కావ్యం రాసిన సురభి మాధవరాయలు ఏలిన సంస్థానం ఈ జటప్రోలే, ఆ తర్వాతే వాళ్ళు కొల్లాపూర్‌కు మారారు. అవ్వకు ఇవేం పట్టవు. కారు దిగి స్తంభం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. "గుడి ఇదే. దిక్కులే తప్పినయి" అంది. అప్పట్లో గుడి దగ్గర నిలబడితే ఏరు ఎటుండేదో చేత్తో చూపించింది. అటు చూస్తే ఒక పాల క్యాన్ల ఆటో ఆగి ఉంది.

ఇక సన్నాయి. తాత పోయాక ట్రంకు పెట్టెలో పాత పంచెలో చుట్టి పెట్టిందే. చిన్నాయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, సన్నాయి చిన్నప్పుడు తాత దగ్గర నేర్చుకున్నంతే. దారానికి కట్టిన పీకలు, అంటే సన్నాయి కొసకు బిగించి ఊదేవి, నాలుగు ఉంటే రెండు అంచులు చీలిపోయాయి. మిగిలిన వాటిలో ఒకదాన్ని పెంట్లవెల్లి దాటినప్పటి నుంచీ నోట్లో నానబెట్టుకున్నాడు, ఏమడిగినా తల ఊపుడే. గుడి ముందు కూర్చుని ఊదితే మొదట గాలే. రెండోసారి కీచుమంది, మా బాబు నవ్వాడు. పీక తీసి, గోరుతో అంచులు మెల్లగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఏదో విన్నట్టు చూసి మళ్ళీ బిగించాడు. ఈసారి పలికింది. భూపాలం.

అవ్వ వెంటనే అందుకుంది, "ఎండ మొఖాన కొడ్తుంటే మేలుకొలుపేందిరా? మీ నాయిన ఉంటే చెంప వాయించెటోడు."

పూజారిగారు పగలబడి నవ్వారు. చిన్నాయన తడబడి మోహన రాగంలోకి దిగాడు. దానికి ఆమె ఏమీ అనలేదు, కానీ కాసేపటికి చుట్టూ చూసి "ఒత్తు ఏది?" అంది. పాత మేళంలో పక్కన కూర్చుని ఒకే స్వరం ఆపకుండా ఊదుతూ శ్రుతి పట్టేవాడొకడు ఉండేవాడు, అది ఒత్తు. మా బాబు ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టి ఆమె పక్కన గట్టు మీద ఉంచాడు. ఆమె చెవి ఒగ్గి విని, "దోమ లెక్క ఉన్నది" అంది, అయినా ఆపమనలేదు. పది నిమిషాలు వాయించాడేమో. చివర్లో దమ్ము చాలక రెండుచోట్ల తెగింది. హారతి పళ్ళెంలో అవ్వ చీరకొంగు ముడి విప్పి యాభై నోటు వేసింది, ఇంకో యాభై చిన్నాయన చేతిలో పెట్టింది.

తిరిగొచ్చి మూడు వారాలైంది. మాఘంలో మళ్ళీ వెళ్దామని అవ్వ అప్పుడే మొదలుపెట్టింది. చిన్నాయన కొత్త పీకల కోసం, ఒక డోలు మనిషి కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాడు. గది కొల్లాపూర్‌లోనే, కింది అంతస్తు.