చాట్ గ్రూపా, వికీనా?

కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాక వైఫై పని చేయకపోతే టెలిగ్రామ్ గ్రూపులో అడగడమే తేలిక. పది నిమిషాల్లో ఎవరో ఒకరు సరైన కమాండ్ చెప్తారు. కొత్తవాళ్లకు అది ఎంత ధైర్యమో! కానీ వారం తిరిగేసరికి ఆ జవాబు వందల మెసేజ్‌ల కింద పడిపోతుంది. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు.

వికీలో, అంటే చదివేవాళ్లే రాసి దిద్దే వెబ్‌సైటులో, రాయాలంటే ఓపిక కావాలి. ఫలితం మాత్రం ఏళ్లు నిలుస్తుంది. ఆర్చ్ వికీనే చూడండి. లినక్స్‌లో ఒక రకమైన ఆర్చ్ లినక్స్ కోసం పెట్టినదే అయినా ఉబుంటు, ఫెడోరా లాంటి వేరే రకాలు వాడేవాళ్లు కూడా దాన్ని తెరుస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారు, పాతబడిన పద్ధతిని తీసేస్తారు, ప్రతి మార్పూ చరిత్రలో కనిపిస్తుంది. లైసెన్సు స్వేచ్ఛగా ఉంది కాబట్టి ఎవరైనా కాపీ దాచుకోవచ్చు. ‘ఆర్చ్-వికీ-డాక్స్’ ప్యాకేజీ వేసుకుంటే నెట్ లేకపోయినా చదవొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అలాగని వికీ దానంతటదే భద్రం కాదు. 2008లో జెంటూ లినక్స్ అనధికార వికీ సరైన బ్యాకప్ లేక, ఎందరో రాసిన పేజీలతో సహా పోయింది.

నేనైతే గ్రూపులోనే అడుగుతాను. జవాబు పని చేసిందంటే ఆ రోజే వికీలో ఎక్కిస్తాను.